బోడికొండ మీద పాయసం

మా మనవరాలు కాలేజీలో ఎన్.సి.సి.లో చేరింది. నిన్న సాయంత్రం కొత్త కాన్వాసు బూట్లు తెచ్చుకుని, నా మంచం పట్టె మీద కాలు పెట్టి తాళ్ళు బిగించుకుంటూ, ఆదివారం తామంతా కొండ ఎక్కబోతున్నామని చెప్పింది. ఏ కొండే అంటే బోడికొండ అంది. అంతకుముందు మైదానంలో కసరత్తులు చేయిస్తారట, తాడు పట్టుకుని ఎక్కడం నేర్పుతారట, సీసాల్లో గ్లూకోజు నీళ్ళిస్తారట, ఎవరికైనా కాలు బెణికితే చూడ్డానికి కాంపౌండరు కూడా వెంట వస్తాడట. ఇదంతా చెప్పి, "నువ్వెప్పుడైనా కొండెక్కేవా మామ్మా?" అని జాలిగా అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. పాపం, అది గాభరాపడి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. దానికేం చెప్పను! ఆ బోడికొండని నేను పెళ్ళినాటి పసుపుచీర కచ్చ బిగించి, చంకలో నెయ్యిగిన్నె పెట్టుకుని, ఇంత భారీ మనిషిని ముందు పెట్టి తోసుకుంటూ ఎక్కాను. నాకు బూట్లు కాదుకదా, చెప్పులు కూడా లేవు.

అప్పటికి నేను కాపరానికొచ్చి ఏడాది కాలేదు. మాది మేనరికం. మా నాన్న టెక్కలిలో బడిపంతులు. ఆయన అక్కని ఈ కొండకింది ఊళ్ళో రైతు కుటుంబానికిచ్చారు. ఆవిడ కొడుకే మా బావ. అందుచేత నాకు అత్తవారింటికి వచ్చినట్టే ఉండేది కాదు, సెలవులకి మేనత్త ఇంటికి వచ్చి తిరిగి వెళ్ళడం మరిచిపోయినట్టుండేది. అత్త మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. నడిస్తే ఇంట్లో గిన్నెలు కదిలేవి. నవ్వితే ఆవిడ ఒళ్ళంతా నవ్వేది. ఇక మావ సంగతి. ఆయన నోరు ఊరందరికీ తెలుసు. పొలంలో ఆయన ఎడ్లని అదిలిస్తే పక్కూరి ఎడ్లు కూడా కదిలేవని చెప్పుకునేవారు. ఆ నోటి కంటే ఆయనకి మాట మీద గర్వం ఎక్కువ. అన్నమాట వెనక్కి తీసుకోవడం తమ వంశంలోనే లేదని ఆయనే చాటుకునేవాడు. ఎప్పుడో కోపంలో పాలివాళ్ళ గడప తొక్కనని అన్నాడట. తరవాత రాజీపడ్డారు, వాళ్ళింట్లో పెళ్ళి వచ్చింది, పిలుపు వచ్చింది. మావ వెళ్ళి పందిట్లో కూర్చుని భోంచేసి, గడప ఇవతలనించే అక్షింతలు విసిరి వచ్చేశాడు. పెళ్ళికూతురి మీద పడాల్సినవి పురోహితుడి మీద పడ్డాయని అత్త ఎప్పుడూ చెప్పేది.

ఆ ఏడు వాన లేదు. మృగశిర ఒట్టినే పోయింది, ఆరుద్ర కూడా పోవడానికి సిద్ధంగా ఉంది. ఆకుమడిలో నారు కొసలు ఎర్రబడ్డాయి. ఎండిపోయిన గెడ్డ వాగులో ఇసక తవ్వి చెలమ తీస్తే కుండెడు నీళ్ళు ఊరడానికి ఒక పూట పట్టేది. ఉద్దానం వాళ్ళకి కొబ్బరి ఉంది, సముద్రం గాలి ఉంది, ఎలాగో నెట్టుకొస్తారు. మాకు వరి తప్ప మరోటి లేదు. అలాంటి రోజుల్లో సోంపేట వైపునించి గొడుగేసుకుని ఒక మేస్త్రీ దిగాడు. ఇప్పటివాళ్ళకి చెప్పాలి కాబోలు, రంగూన్‌ని మేం రంగం అనేవాళ్ళం. ఈయన రంగం మేస్త్రీ. బారువ రేవులో ఓడ ఎక్కించి అక్కడి బియ్యం మిల్లుల్లో పనికి పెడతాడు. అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, రంగంలో కాలవలు ఎండవనీ, కూలివాడు కూడా మూడుపూటలా తెల్లన్నం తింటాడనీ చెబుతుంటే మగవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని విన్నారు. మావ కూడా విన్నాడు. రెండు పంటల కాలం వెళ్ళొస్తే అన్నీ చక్కబడతాయని లెక్కేసుకున్నాడు.

అత్త ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అందులో ఆవిడ తప్పేం లేదు. ఆవిడ తమ్ముడు, అంటే మా చిన్నాన్న, నాకు ఊహ తెలియకముందు ఇలాగే రెండు పంటల కాలమని చెప్పి రంగం వెళ్ళాడు. మొదట ఒక రంగుల దుప్పటి పంపించాడు. ఆ తరవాత కబురు లేదు. మనిషి ఉన్నాడో లేడో తెలీక, బతికున్నవాడికి మొక్కుకోవాలో పోయినవాడికి నీళ్ళు వదలాలో తేల్చుకోలేక మా నాన్నమ్మ కన్ను మూసింది. ఇప్పుడు మొగుడు కూడా ఆ ఓడే ఎక్కుతానంటే అత్తకి ముద్ద ఎలా దిగుతుంది? నాకూ దిగలేదు. మర్నాడు పొద్దున్న పశువులకి కుడితి కలుపుతూ ఆవిడ సూటిగా అడిగేసింది.

"వానడితే ఉంతావా?"

"పడితే ఎందుకెల్తానే? నాకేటి సరదానా?"

"అయితే పాయసం పొయ్యడానికి కొండకి నానే ఎల్తాను."

మావ పడీపడీ నవ్వాడు. "నువ్వా! వీధరుగెక్కడానికే ఒకలు సెయ్యందియ్యాల నీకు!"

ఈ పాయసం సంగతి కూడా చెప్పాలి. వానలు ముఖం చాటేస్తే మా వైపు వరదపాయసం పోస్తారు. ఇంటికింత బియ్యం, ఇంత బెల్లం, ఇన్ని పాలు పోగుచేసి, ఎవరూ ఏమీ తినకుండా కొండెక్కి, అక్కడే పాయసం వండి ఒట్టి బండ మీద పోస్తారు. తరవాత పిన్నా పెద్దా అందరూ మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ బండని నాలికతో నాకాలి. చెయ్యి తగలకూడదు, ఆకు వెయ్యకూడదు. మనుషులు పశువుల్లా రాయి నాకుతుంటే చూడలేక మబ్బుకి ఏడుపొస్తుందని నమ్మకం. ఆ ఏడు పెద్ద ఇత్తడి గుండిగ మా ఇంటినించి వెళ్ళాలి. గుండిగ ఎవరిదో ఆ ఇంటి ఇల్లాలే పాయసం పోస్తుంది, ఆ ఇంటి యజమానే మొదట నాలిక ఆనిస్తాడు. ఇదివరకు మా వంతు వచ్చినప్పుడు అత్త తన బదులు తోడికోడల్ని పంపేసేది. ఈసారి ససేమిరా అంది. మావ కూడా పంతానికొచ్చి నలుగురిలోనూ మాట పారేశాడు. "మేం దిగొచ్చిన సాయంత్రం మేస్త్రీ వొత్తాడు. అప్పటికి మబ్బట్టిందా, ఉంతాను. నేదా, ఎల్తాను. మాటంటే మాటే!" ఊరంతా విన్నది. ఆయన మెల్లిగా చెప్పినా ఊరంతా వింటుంది, అది వేరే సంగతి.

కోడి కూసిన వెంటనే బయల్దేరాం. మగవాళ్ళు గుండిగని వాసానికి కట్టి భుజాలకెత్తుకున్నారు, కట్టెలమోపులూ మోశారు. బోడికొండ మీద పుల్ల దొరకదు. అక్కడ చెట్టన్నది లేదు. కింద కొంత దూరం తుప్పలూ ముళ్ళూ, ఆ పైన ఒట్టి రాయి, రాయి మీద రాయి. ఆ కరువులో గడ్డి కూడా చచ్చి, కాలు పెడితే పొడిపొడిగా రాలిపోయేది. కొంత ఎక్కాక ఒక పెద్ద నున్నటి బండ అడ్డమొచ్చింది. దాని మీద నిలబడి నడవడం ఎవరి వల్లా కాదు. చేతులూ కాళ్ళూ ఆనించి, బల్లిలా పాకాలి. నేను చిన్నప్పుడు టెక్కలిలో గోడలెక్కి జామకాయలు కోసిన దాన్ని, చులాగ్గా ఎక్కేశాను. పైకి వెళ్ళి తిరిగి చూస్తే అత్త కింద నిలబడి, బండని తీరిగ్గా పరకాయించి చూస్తోంది. తరవాత చీర కచ్చ బిగించింది. రెండు చేతులూ ఆనించింది. "ఓలమ్మ, ఓలమ్మ" అని ఒక్కొక్క జానే జరుగుతూ, మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంటూ, నేను కిందికి దిగి వెనకనించి తోస్తుంటే మొత్తానికి పైకి వచ్చింది. వచ్చి అక్కడ వెల్లకిలా పడుకుని, "ఇంకెంతుందే?" అంది. ఇంకా సగం కూడా కాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ పైన ఇరుకురాళ్ళు. రెండు పెద్ద గుండ్ల మధ్య సన్నటి సందు. పక్కకి తిరిగి, ఊపిరి బిగపట్టి దూరాలి. ఇంకో దారి లేదు. గుండిగని పైనించి తాళ్ళతో లాగేశారు. మనుషులు ఒక్కొక్కళ్ళూ దూరారు. అత్త దూరింది. దూరి, మధ్యలో ఇరుక్కుపోయింది.

"ఓలమ్మో! నాను ముందుకీ రాను, ఎనక్కీ రాను. పాయసం ఇక్కడే పోసీండర్రా!"

అటువైపునించి మావ వంగి చెయ్యి చాపాడు. అంతకుముందు కొన్నాళ్ళుగా ఇద్దరికీ సరైన మాటల్లేవు. "సెయ్యియ్యే" అన్నాడు.

"ఓడెక్కీసి ఎల్లిపోయే సెయ్యి నాకొద్దు."

"ఇదేటే, ఇక్కడా పంచాయితీ? సెయ్యియ్యి, ఎండెక్కిపోతంది!"

"రంగం ఎల్లనను, ఇత్తాను."

"మాటిచ్చీసినాను గదే!"

"అయితే నానిక్కడే ఉంతాను. రంగంనించొచ్చినాక తియ్యి."

ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మావకి కోపమొచ్చింది, తరవాత నవ్వొచ్చింది, ఆ రెండూ కలిసి ముఖం ఎటో అయిపోయింది. సూర్యుడు చూస్తూ చూస్తూ పైకి వచ్చేస్తున్నాడు. ఎంత లాగినా అత్త కదల్లేదు. ఇప్పుడు పంతం కాదు, నిజంగానే ఇరుక్కుంది. అప్పుడు నాకు చంకలో నెయ్యిగిన్నె గుర్తొచ్చింది. వెనకనించి చెయ్యి దూర్చి, ఆవిడ నడుముకీ రాతికీ మధ్య అందినంతమేరా నెయ్యి పూశాను. "ఏటే, ఏటి సేత్తన్నావే, గిలిగింతలెడతన్నాయి!" అని అత్త ఒకటే నవ్వు. ఆ నవ్వులోనే ఊపిరి వదిలింది కాబోలు, మావ ఒక్క గుంజు గుంజాడు. అత్త రావడం వచ్చి మావ మీద పడింది, ఇద్దరూ కలిసి బండ మీద పడ్డారు. అత్త మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి. అయినా పడ్డచోటే కూర్చుని ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళిద్దరూ అలా నవ్వుకోవడం నేను కాపరానికొచ్చాక అదే మొదలు. నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ రోజు పాయసంలో మాత్రం నెయ్యి తక్కువైంది.

కొండ కొసకి చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఎండ సంగతి ఎవరికి గుర్తుంటుంది అక్కడ! ఉత్తరాన మహేంద్రగిరి నీలంగా నిలబడి ఉంది. తూర్పున ఉద్దానం కొబ్బరితోటలు పచ్చగా ఒక అంచులా సాగాయి, కిందికి చూస్తే నౌపడ ఉప్పుమళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. పలాస వైపు వెళ్ళే రైలు పొగ వదులుతూ గొంగళిపురుగులా కదులుతోంది. గాలి ఎంత విసురుగా వీస్తోందంటే నా పైట నా మాట వినలేదు. గట్టిగా అరవాలనిపించింది. కొత్తకోడల్ని, అరవకూడదు. అయినా అరిచాను. బావ నా వైపు చూసి, తనూ అరిచాడు. అత్త మాత్రం తూర్పుకేసి అలా నిలబడిపోయింది.

"అదేటే, కొబ్బరితోటలకి అవతల, నీలంగా?"

"సముద్రం అత్తా."

అత్త అంతవరకూ సముద్రాన్ని చూడలేదు. పక్కనే ఉన్నా చూడలేదు, ఆ రోజుల్లో ఆడవాళ్ళకి పని పడితేగాని ఏదీ చూసే ఆనవాయితీ లేదు. చాలాసేపు చూసి, మావ వైపు తిరిగి, "అన్ని నీల్లున్నాయి. అన్ని నీల్లు దాటెల్లినోడు మల్లీ రాడు. నువ్వెల్లకు" అంది. మావ కట్టెలు సర్దడానికి వెళ్ళిపోయాడు.

మూడు రాళ్ళు పేర్చి పాయసం వండాం. గాలికి మంట ఒక చోట నిలవలేదు. బియ్యం ఉడికేలోపు మగవాళ్ళు పెద్ద తగువులో పడ్డారు. కొండకి అవతల మరో ఊరుంది. పాయసం ఎటు పారితే వాన అటు కురుస్తుందని మావాళ్ళ నమ్మకం. బండ వాలు ఎటుందో తేలాలి కదా! ఒకాయన చెంబుతో నీళ్ళు పోసి చూద్దామన్నాడు, తాగడానికే నీళ్ళు లేవని ఇంకొకాయన కసిరాడు. చివరికి ఒక గుండ్రాయిని దొర్లించారు, అది అవతలివాళ్ళ వైపు దొర్లింది. మళ్ళీ గొడవ. మళ్ళీ ఇంకో బండ వెతకడం. మొత్తానికి మా ఊరివైపు వాలి ఉన్న బండ దొరికింది, అందరూ సంబరపడ్డారు. అది పొద్దుటినించీ మండుటెండలో కాలుతూ ఉన్న బండ అన్న ఆలోచన ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి కూడా రాలేదు. మామూలుగా తెల్లారేసరికే కొసకెక్కి, రాయి చల్లగా ఉండగానే పని ముగిస్తారు. ఆ రోజు ఇరుకురాళ్ళ దగ్గరే పొద్దు గడిచిపోయింది.

అత్త గుండిగ వంచింది. పొయ్యిమీదినించి దించిన పాయసం, పైగా కాలే బండ. చుయ్యిమంది. మేం ఆ చప్పుడు విని శుభమనుకున్నాం, మా తెలివి తెల్లారినట్టే ఉంది. మావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఏదైనా చేస్తే పూర్తిగా చెయ్యాలి ఆయనకి, కొసనాలికతో తాకించే రకం కాదు. ఊరంతా చూస్తుండగా నాలిక బారెడు చాపి బండకి ఆనించాడు. మనిషి ఒక్కసారి బిగుసుకుపోయాడు. ఇంకొకరైతే లేచి గంతులేసేవారే. మావ లేవలేదు. మొదలుపెట్టింది మధ్యలో వదిలెయ్యడం కూడా ఆయన వంశంలో లేదు కదా! కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా తన వంతు జానెడు మేరా నాకి, అప్పుడు లేచి, నేనెన్నడూ వినని ఒక చప్పుడు చేశాడు. అప్పటికిగాని మిగతావాళ్ళకి తెలివి రాలేదు. పాయసం చల్లారేదాకా ఆగి, అందరం వరసగా వంగాం. ముసలివాళ్ళు, పిల్లలు, కొత్తకోడళ్ళు, అందరమూ చేతులు వెనక్కి కట్టుకుని నాకుతున్నాం, ఒకళ్ళనొకళ్ళు ఓరగా చూసుకుని నవ్వుకుంటున్నాం. పళ్ళకింద ఇసక, పొగవాసన, నెయ్యి జాడే లేదు. అంత మంచి పాయసం మళ్ళీ నేను తినలేదు.

దిగేటప్పుడు మావ నోరు మెదపలేదు. నాలిక పొక్కి నోరు నిండిపోయింది. ఇంటికొచ్చాక అత్త వెన్న రాసింది, పలచటి మజ్జిగ చెంచాతో పోసింది. పోస్తూ మాటిమాటికీ వాకిట్లోకొచ్చి ఆకాశం చూసేది. నేనూ చూశాను. పడమట చూశాను, సముద్రం వైపు చూశాను. తోమిన కంచంలా ఉంది, అరచేతంత మబ్బు లేదు. పొద్దు వాలింది. మావ మాట నలుగురిలో అన్నాడు. మబ్బు పట్టలేదు. ఇంక ఆయన్ని ఆపే దారి లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

మేస్త్రీ చెప్పిన వేళకే వచ్చాడు. వీధిలోవాళ్ళు కూడా పోగయ్యారు. నోటిమాటే పత్రం ఆ రోజుల్లో, నలుగురి ముందూ 'వస్తాను' అంటే వచ్చినట్టే. మేస్త్రీ గొడుగు ముడిచి, ఆకాశంకేసి ఒకసారి చూసి, మావకేసి తిరిగి నవ్వాడు.

"ఏటి బావా, మబ్బేటీ కానరాదు. ఓడ సిద్ధంగుంది. మాటేటి?"

మావ నోరు తెరిచాడు. ఆ, ఊ అన్న చప్పుడు తప్ప మరోటి రాలేదు. పరాయి మగాడి ముందుకు ఎన్నడూ రాని అత్త గడప దాటి వచ్చింది. మోచేతుల మీద ఎండిన నెత్తురు అలాగే ఉంది, జుట్టునిండా కొండ దుమ్ము.

"నాలిక కాలిపోనాది. మాటాడనేడు. ఆయన మాట నాను సెప్తాను ఇనుకో. రానంతన్నాడు."

జనం ఘొల్లుమన్నారు. మేస్త్రీ నవ్వలేదు. "బావా, ఇది నీ మాటేనా? నోరిప్పక్కర్నేదు. ఒత్తానంటే తలూపు, సాలు" అన్నాడు.

నేను తలుపు చాటున బావ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. మావ నాలిక కాలింది గాని తల బాగానే ఉంది. ఒక్కసారి ఊపితే చాలు, ఆయన మాట నిలిచిపోతుంది. ఆయన మేస్త్రీని చూశాడు. ఆకాశం చూశాడు. తరవాత అత్త మోచేతుల వైపు చాలాసేపు చూశాడు. చూసి, మేస్త్రీకేసి తిరిగి, ఊరందరి ముందూ పొక్కులెక్కిన నాలిక బయటపెట్టి చూపించాడు. అంతే. తల మాత్రం కదపలేదు.

ఇలాంటి నాలికతో మాట ఎలాగిమ్మంటావని ఆయన అడిగినట్టే అందరికీ అర్థమైంది. మేస్త్రీ చివరికి తనకీ నవ్వొచ్చి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. అత్త అక్కడే గుమ్మంలో కూలబడి, నవ్వుతూ ఏడ్చింది.

వాన పునర్వసులో పడింది, అదీ అరకొరగా. సగం పొలమే ఊడ్చాం, ఆ ఏడంతా చోడంబలే, అంటే రాగిజావే తాగాం. మావ నాలిక బాగుపడ్డాక, ఒకనాడు అంబలి పోస్తూ అత్త కవ్వించింది. "ఇప్పుడు నోరొచ్చింది గదా, సెప్పు. మబ్బట్టకపోతే ఎల్తానన్నావు. ఎల్తావేటి?"

"ఆ సాయంత్రం దాటిపోనాది గదేటే" అన్నాడు మావ, మహా న్యాయంగా. "దాటిపోయినాక ఇంకెలగెల్తాను?"

అత్త పగలబడి నవ్వింది. ఆయన ముసలివాడై, ఈ అరుగు మీదే మునిమనవల్ని ఆడించి, ఇక్కడే కన్నుమూశాడు. ఎన్నో మాటలు గట్టిగా మాట్లాడాడు మా మావ, వాటిలో ఒక్కటీ ఇప్పుడు లేదు. తల ఊపకుండా ఆయన దాటించేసిన ఆ ఒక్క సాయంత్రం మీదే మా ఇంట్లో ఇన్నేళ్ళ కాలం నడిచింది.